మా తమ్ముడు రిటైర్ కాకూడదు!

రిటైర్మెంట్ వయసు ఇంకా పెంచాలి! అరవై ఐదు ఏ మూలకొస్తుంది? డెబ్బై చెయ్యండి. డెబ్బై చేశాక అక్కడే ఆగిపోకండి, మొహమాటపడకుండా ఎనభై చెయ్యండి. గుండె కొట్టుకుంటున్నంత కాలం మనిషి చేతిలో ఆఫీసు తాళంచెవి ఉండాలని నా మనవి. గుండె ఆగిపోయినా, ఆ ఒక్క నెలా జరగనిచ్చేస్తే పోలా?

ఈ మాట అన్నందుకు మా వీధి కుర్రాళ్ళు నన్ను కొరకొరా చూస్తున్నారు. చూడనివ్వండి. చూడ్డానికి వాళ్ళకి బోలెడంత టైముంది. వాళ్ళ కళ్ళు బావున్నాయి, కాళ్ళు బావున్నాయి, సర్టిఫికెట్లు బావున్నాయి. లేనిదల్లా పొద్దున్నే వెళ్ళడానికి ఒక చోటు. అది కూడా లోపమేనా అండీ? పొద్దున్నే వెళ్ళే చోటు లేని మనిషి ఎంత ఆరోగ్యంగా నిద్రపోతాడో ఎప్పుడైనా చూశారా?

పేపరు నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని నిదానంగా చదువుతాను. అందుకే అందులో రాసింది నమ్మే ముందు నాకు చాలా వ్యవధి దొరుకుతుంది. ఈ మధ్య అందులో ఒకటే మాట: మనది కుర్ర దేశం, పనిచేసే వయసువాళ్ళు కోట్లకి కోట్లున్నారు, ఇంతకన్నా అదృష్టం ఉంటుందా అని. టీవీలో కోటు వేసుకున్న ఓ పెద్దమనిషి కూడా ఇదే చెప్పాడు. దేశానికి యవ్వనం ఒక్కసారే వస్తుందట. తిండి పెట్టాల్సిన పిల్లలు తగ్గి, మందులు కొనిపెట్టాల్సిన ముసలాళ్ళు ఇంకా పెరక్కుండా, మధ్యలో పనిచేసే చేతులు ఎక్కువగా ఉండే కాలమట అది. ఆ చేతులకి పని దొరికితే దేశం గట్టెక్కుతుంది. దొరక్కపోతే ఆ చేతులన్నీ కలిసికట్టుగా ముసలివైపోతాయి, అప్పుడు దేశం నాలుగు డబ్బులు కళ్ళజూడకుండానే కర్ర పట్టుకుంటుంది అన్నాడు. ఇంతలా భయపెట్టి, వెంటనే తెల్లజుట్టుకి రంగు ప్రకటన వేశారు.

ఆ పెద్దమనిషికి మా ఇంటి సంగతి తెలీదు కాబట్టి భయపడ్డాడు. తెలిస్తే కోటు విప్పి హాయిగా కూర్చునేవాడు.

మా తమ్ముడు నీళ్ళ సరఫరా శాఖలో పంపు ఆపరేటరు. మా ఆయన పోయినప్పటి నుంచీ నేను వాడింట్లోనే ఉంటున్నాను కాబట్టి వాడి సర్వీసంతా నా కళ్ళ ముందే జరిగింది. మా వీధి చివర పెద్ద నీళ్ళ ట్యాంకుంది. దాని నడుం దగ్గర ఓ ఇనప మెట్టు, ఆ మెట్టు మీద బండిచక్రమంత వాల్వు. కింద మోటారు తిరుగుతుంటే ట్యాంకు నిండుతుంది. నిండాక నిచ్చెనెక్కి చక్రం తిప్పితే దిగువ వీధులకి నీళ్ళెళ్తాయి. తిప్పకపోతే వెళ్ళవు. ఇంత సులువైన ఉద్యోగం ఇంకోటి లేదని అందరూ అంటారు. అన్నవాళ్ళెవరూ ఆ నిచ్చెన ఎక్కలేదు.

ఆ శాఖలో ఓ మంచి పద్ధతుంది. ఎవరైనా రిటైరైతే ఆ ఖాళీకి ముందు వాళ్ళ ఇంట్లో పిల్లల్ని చూస్తారు. పిల్లలు చదువుకుని ఉండాలి, వయసు ముప్పై ఐదు దాటకూడదు. అంతే.

మా మేనల్లుడు చదువుకున్నాడు. ముప్పై ఐదు దాటలేదు. దాటకుండా ఉండటమే వాడి ఉద్యోగమన్నట్టు చాలాకాలం కష్టపడ్డాడు. చదువైన కొత్తలో ఎవరు పలకరించినా, "ఏం చేస్తున్నావురా?" అంటే "వెయిటింగండీ" అనేవాడు. ఆ జవాబు విని విని వీధి వీధంతా వాడికి వెయిటింగు అనే పేరు పెట్టేసింది. ఇప్పుడు వాడి తల్లి కూడా, "వెయిటింగూ, అన్నానికి రారా!" అనే పిలుస్తుంది.

మా తమ్ముడికి యాభై ఎనిమిది నిండిన రోజున పంపుహౌసు ఆవరణలో వీడ్కోలు సభ పెట్టారు. గోడగడియారం బహుమతిచ్చారు. మా తమ్ముడు లేచి, "ఈ శాఖ నాకు అన్నం పెట్టింది, ఈ చక్రం నాకు రెండో గుండెకాయ" అంటూ స్పీచిచ్చాడు. రెండో గుండెకాయ దగ్గర ఆగి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. మా మరదలు కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాడు పొద్దున వెయిటింగు తలకి నూనె రాసుకుని, దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుండగా కబురొచ్చింది: మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి రిటైర్మెంటు అరవైకి పెంచారు.

మంచిదేగా? మా తమ్ముడు గడియారం చంకలో పెట్టుకుని డ్యూటీకెళ్ళాడు. వెయిటింగు ఇస్త్రీ చొక్కా విప్పి, మడత నలగకుండా తీసి దాచాడు.

అరవైకి మళ్ళీ సభ. ఈసారి వాలుకుర్చీ. స్పీచి మాత్రం పాతదే. అందరికీ కంఠతా వచ్చు కాబట్టి, మా తమ్ముడు ఎక్కడైనా తడుముకుంటే ముందు వరసవాళ్ళు అందించారు. రెండో గుండెకాయ ఇంకా రాకముందే జేబురుమాళ్ళు బయటికొచ్చాయి. ఆ వారమే వయసు అరవై రెండుకి పెంచారు. వాలుకుర్చీ పంపుహౌసుకి చేరింది. అందులో కూర్చుంటే గోడగడియారం బాగా కనపడుతుంది.

ఇందులో ఎవరికేం నష్టం? చెప్పండి!

మోకాళ్ళకి నష్టం అంటారు. నిజమే, ఈ రెండో పొడిగింపులో మా తమ్ముడి మోకాళ్ళు ప్రభుత్వ ఉత్తర్వుకి లోబడలేదు. నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవి. అయితే ఏం, ఇంట్లో ఖాళీగా ఉన్న మోకాళ్ళు లేవా? వెయిటింగు ఎక్కాడు. మొదట ఒకరోజు, తరవాత వారానికోసారి, ఆ తరవాత రోజూ. మా తమ్ముడు కింద వాలుకుర్చీలో కూర్చుని, "ఎడమకి తిప్పరా! ఎడమంటే నీ ఎడమ కాదు, నా ఎడమ!" అని అజమాయిషీ చేసేవాడు. సంతకం తండ్రిది, చెమట కొడుకుది. అక్కడున్న అందరికీ ఈ సంగతి తెలుసు. ఇంజినీరుగారైతే ట్యాంకు వైపు చూస్తూ కూడా పైన ఎవరున్నారో చూడకుండా మాట్లాడ్డం నేర్చుకున్నారు.

ఇప్పుడు లెక్కలు తీసేవాళ్ళొచ్చారనుకోండి. మా తమ్ముడు కుర్చీలో కునుకు తీస్తున్నాడు కాబట్టి అతను ఉద్యోగస్తుడు. వెయిటింగు చక్రం తిప్పుతున్నాడు కాబట్టి నిరుద్యోగి. నేను ఇంటెడు చాకిరీ చేస్తున్నాను కాబట్టి ఒకరి మీద ఆధారపడి బతికేదాన్ని. ఎంత తేటగా ఉంది లెక్క! పైగా మా ఇల్లు ఎంత యవ్వనంగా ఉందో చూడండి. అరవై ఏళ్ళవాడు ఉద్యోగంలో ఉన్నాడు, ముప్పై దాటినవాడు ఇంకా తల్లి వడ్డిస్తే తింటున్నాడు.

ఇంకో మేలు కూడా చెప్పాలి. మా వీధి మొదట్లో మందుల షాపుంది. అందులో పనిచేసే అమ్మాయి, మా వెయిటింగు ఒకరంటే ఒకరికి ఇష్టం. పాత కాలంలో అయితే ఇష్టపడ్డ వెంటనే పెళ్ళి, పెళ్ళైన వెంటనే పిల్లలు, పిల్లల వెంటనే గోల. ఇప్పుడెంత తీరికో! పెళ్ళి పోస్టు కోసం ఆగింది. పోస్టు రిటైర్మెంటు కోసం ఆగింది. రిటైర్మెంటు మా తమ్ముడి ఆయుర్దాయం చూసి వెనక్కి జరుగుతోంది. ఆ అమ్మాయి మాత్రం వారం వారం మా తమ్ముడికి మోకాళ్ళ మాత్రలు పొట్లం కట్టి ఇస్తూ, "అంకుల్, టీ తాగాకే వేసుకోండి" అని జాగ్రత్త చెప్పేది. తన పెళ్ళిని వాయిదా వేస్తున్న మోకాళ్ళని తన చేత్తోనే బాగుచేసేది. ఇంత గొప్ప మనసు పాతకాలపు పిల్లలకుండేదా?

పిల్లలు పుట్టడం తగ్గిపోయిందని, బళ్ళలో బెంచీలు ఖాళీ అవుతున్నాయని పేపర్లో తెగ దిగులు పడుతుంటారు. కారణమేమిటో తేల్చడానికి మీటింగులు కూడా పెడుతున్నారు. ఆ మీటింగుల్లో కూర్చునేవాళ్ళంతా పొడిగింపులో ఉన్నవాళ్ళేనని నా అనుమానం.

సరే, మా తమ్ముడికి అరవై రెండు నిండింది. మూడో సభ. ఈసారి తప్పదన్నారు. ఇంజినీరుగారే స్వయంగా చెప్పారు: "ఇంక పెంచరయ్యా, పెంచితే బావుండదు." వెయిటింగుకి ముప్పై మూడు. మందుల షాపు అమ్మాయి తల్లి మొదటిసారి మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్ళింది. మా తమ్ముడు పాత స్పీచి వదిలేసి, కొత్తది రాసుకుని, అద్దం ముందు నిలబడి వల్లె వేశాడు. వెయిటింగు పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీశాడు. ఈ మధ్యలో ఒళ్ళు కాస్త చేసింది గనక గుండీలు పట్టలేదు. మా మరదలు పక్కలు విప్పి కుట్టింది.

పంపుహౌసు ఆవరణలో, ట్యాంకు నీడలోనే టెంటు వేశారు. కుర్చీలు, మైకు, స్వీట్లు, పూలదండ, పెద్ద బ్యానరు. వచ్చినవాళ్ళలో సగంమంది పాత సభలు రెండూ చూసినవాళ్ళే. ఎక్కడ కూర్చుంటే ఫ్యాను గాలి తగులుతుందో కూడా వాళ్ళకి తెలుసు.

వెయిటింగు మాత్రం సభలో లేడు. ఎందుకంటే ఆ వేళ వాళ్ళ నాన్న డ్యూటీ! తండ్రి వేదిక మీద, కొడుకు ట్యాంకు మీద. చక్రం తిప్పే వేళ కోసం చూస్తూ, ఇనప మెట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, పైనుంచే సభ చూస్తున్నాడు.

ఇంజినీరుగారు లేచి మైకు అందుకున్నారు. "ఈ మహానుభావుడి సేవలు..." అనేసరికి జేబులో ఫోను మోగింది. పక్కకి తిరిగి మాట్లాడారు. తిరిగొచ్చిన మొహం వెలిగిపోతోంది.

"మిత్రులారా! శుభవార్త! అరవై ఐదు!"

ముందు వరసంతా లేచి చప్పట్లు కొట్టింది. గుమస్తాగారైతే పక్కాయన్ని కావలించుకున్నారు. ఇంజినీరుగారికి వచ్చే నెలలో అరవై రెండు నిండబోతోందని తరవాత తెలిసింది. ఆ సంతోషంలో ఆయన కొడుకుతో ఫోన్లో, "మీ అమ్మకి చెప్పు, ఆఫీసు ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు" అంటున్నారు.

మా తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. "మరి నా స్పీచి?"

"దాచుకోవయ్యా! ఎక్కడికి పోతుంది?" అన్నారు ఇంజినీరుగారు.

చప్పట్లు విని వెయిటింగు నిచ్చెన దిగి వచ్చాడు. రిటైర్మెంటు అయిపోయిందనుకుని నవ్వుతూ వచ్చాడు. ఎవరూ వాడి మొహంలోకి చూడకపోయేసరికి వాడే తెలుసుకున్నాడు.

"మూడేళ్ళే కదరా," అన్నాడు మా తమ్ముడు చిన్న గొంతుతో.

"అప్పటికి నాకు ముప్పై ఆరు నాన్నా. వాళ్ళ లిమిటు ముప్పై ఐదు."

ఇంజినీరుగారు జాలిగల మనిషి. దగ్గరికొచ్చి వాడి భుజం తట్టి, "నువ్వు కాస్త ఆలస్యంగా పుట్టాల్సిందోయ్" అన్నారు.

మా మరదలు ఊరుకునే రకం కాదు. "ఆ సంగతి అప్పుడే చెప్పుంటే ఆగేవాళ్ళం సార్. అప్పట్లో మీ ఆఫీసు నుంచి కబురేమీ రాలేదు!" అంది.

వెయిటింగు తిన్నగా వేదికెక్కాడు. బల్ల మీదున్న పూలదండ తీసి మెళ్ళో వేసుకున్నాడు. వాళ్ళ నాన్న కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాడు. మైకు మీద టకటకా కొట్టి చూశాడు.

"సభ దండగవకూడదు. నేను రిటైరవుతున్నాను."

ముందు నవ్వు, వెనకనుంచి ఈల.

"ఈ శాఖ మా నాన్నకి అన్నం పెట్టింది. ఆ అన్నంలోంచి ఆయన నాకు పెట్టాడు. ఈ చక్రం ఆయనకి రెండో గుండెకాయ. నాకైతే రెండో మోకాలు. ఎండనక వాననక తిప్పాను. ఇక ఓపిక లేదు. నేను ముసలివాణ్ణయిపోయాను. సెలవు!"

అదే పాత స్పీచి. అలవాటు కొద్దీ ముందు వరసలో ఇద్దరు జేబురుమాళ్ళు తీశారు.

"ఒరే, వేళాకోళం చాలు. చక్రం తిప్పే వేళయింది," అన్నాడు మా తమ్ముడు.

"డ్యూటీ మీది నాన్నా. పొడిగించారుగా! ఎడమకి తిప్పండి. మీ ఎడమే."

ఆ తరవాత జరిగింది మీరు చూసి తీరాలి. దిగువ వీధుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నీళ్ళేవీ అని ఒకరు, బట్టలకి సబ్బు పెట్టుకుని కూర్చున్నామని ఒకరు. మా తమ్ముడు నిచ్చెన దాకా వెళ్ళాడు. మొదటి మెట్టు మీద ఒక పాదం పెట్టి, ఆ పాదాన్ని కాసేపు ప్రేమగా చూసుకుని దించేశాడు. గుమస్తాగారు, "నేనెక్కుతా చూడండి" అని నడుం బిగించారు. బిగించిన నడుం మళ్ళీ విచ్చుకోలేదు. ఆయన్ని వంగినవాణ్ణి వంగినట్టే తీసుకెళ్ళి వాలుకుర్చీలో పడుకోబెట్టారు. ఇంజినీరుగారు ఏకంగా మూడు మెట్లెక్కి, ఇక్కడ్నుంచి ఊరు భలే కనిపిస్తోందే అని, తనని దింపమని కేకేశారు.

పొడిగింపులో ఉన్న ఆ శాఖ మొత్తం బలగం ట్యాంకు కింద నిలబడి మెడలెత్తి చూస్తోంది. ఎవరికైనా మోటారు ఆపాలని తోస్తే బావుండేది. తోచలేదు. తోచేలోగా ట్యాంకు నిండి పొంగింది.

టెంటు ముందు బొజ్జలా ఉబ్బింది. తరవాత చిరిగింది. బ్యానరు మీద మా తమ్ముడి పేరు రంగు కారిపోయింది. స్వీట్లు ఈదాయి. ఇంజినీరుగారు తలకి వేసుకున్న రంగు చొక్కా మీదకి దిగింది. పదేళ్ళు ఒక్క నిమిషంలో మీద పడ్డాయి పాపం! ఆడవాళ్ళం కొంగులు బిగించి అరుస్తున్నాం. మా మరదలు మాత్రం ఒక కుర్చీ లాక్కుని వానలో తడిసినట్టు తడుస్తూ నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం చూసి చాలా ఏళ్ళయింది.

"ఒరే బాబూ, దిగరా! అదే, ఎక్కరా!" అని ఇంజినీరుగారు చేతులు జోడించారు.

"రిటైరైనవాణ్ణి సార్," అన్నాడు వెయిటింగు దండలోంచి నీళ్ళు పిండుకుంటూ.

"నీకు ఎక్స్‌టెన్షనిస్తానయ్యా!"

ఎన్నడూ ఉద్యోగంలో చేరనివాడికి పొడిగింపు ఇవ్వడం లోకంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. వాడు గబగబా నిచ్చెనెక్కి చక్రం తిప్పాడు. నీళ్ళు ఆగాయి. దిగువ వీధుల్లో సబ్బులు కడుక్కున్నారు.

అయితే వాడు దిగొచ్చి, "ఏదీ సార్, ఎక్స్‌టెన్షను?" అని చెయ్యి చాపేసరికి ఇంజినీరుగారు నీళ్ళు నమిలారు. కొత్త పోస్టు లేదు. పాత పోస్టు ఖాళీ లేదు. తల తుడుచుకుంటూ గుమస్తాగారిని అడిగారు. ఆయన పడుకున్న చోటినుంచే ఒక దారి చూపించారు. వయసుమీరిన ఉద్యోగులకి సహాయకుణ్ణి పెట్టుకునే వీలుందట. రోజుకూలీ పద్ధతి. వయసు పట్టింపు లేదు. చేతికర్ర కొన్నట్టే కొనుక్కోవచ్చు.

అప్పటికి మందుల షాపు అమ్మాయి కూడా గొడుగేసుకుని వచ్చేసింది. మాత్రల పొట్లం ఇవ్వడానికొచ్చి అంతా విన్నది. ఆమె ఇంజినీరుగారిని రెండే రెండు ప్రశ్నలడిగింది.

"ఈయన రిటైరైతే సహాయకుడి పోస్టేమవుతుందండీ?"

"పోతుందమ్మా."

"రిటైర్ కాకపోతే?"

"ఉంటుంది. ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఉంటుంది."

ఆ అమ్మాయి మా తమ్ముడి వైపు తిరిగింది. షాపులో మందు పెట్టె చేతిలోకి తీసుకుని ఎప్పటిదాకా పనికొస్తుందో తారీకు చూస్తుందే, అచ్చం అలా పైనుంచి కిందిదాకా చూసింది. ఆ క్షణం దాకా వాడు ఆమెకి అంకుల్.

"మామయ్యా, తడిసిపోయారు! జలుబు చేస్తే ఎలా? ముందు లోపలికి పదండి," అంది.

పెళ్ళి ఆ నెలలోనే అయింది. వచ్చిన ప్రతివాళ్ళూ కొత్త జంట మీద ఒక చల్లని మాట పడేసి, తిన్నగా మా తమ్ముడి దగ్గరికి నడిచారు. "నువ్వు నూరేళ్ళుండాలి! మెట్లు జాగ్రత్త! చలిగాలిలో తిరక్కు!" అని ఆశీర్వదించారు. ఫొటోల్లో కూడా వాడే మధ్యలో ఉన్నాడు. పెళ్ళికూతురి తల్లి వాడికి ఉన్ని స్వెట్టరు తెచ్చింది, అల్లుడికి ఏమీ తేలేదు.

చూశారా మరి? ఇప్పుడు చెప్పండి, ముసలాళ్ళకి ఇంతటి మర్యాద ఏ కాలంలో దక్కింది? తండ్రి దగ్గాడంటే కొడుకు పక్కలోంచి లేచొస్తున్నాడు. తండ్రి మంచం మీంచి కాలు దింపేలోపు చెప్పులు ఎదురొస్తున్నాయి. కోడలు పొద్దునా సాయంత్రం చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. ఉప్పు బంద్. వేపుళ్ళు బంద్. టీవీలో వార్తలు బంద్, కోపమొస్తుందని. ఒకప్పుడు, "మా నాన్న ఇంకా ఎన్నాళ్ళు చేస్తాడో" అని లోలోపల విసుక్కున్న కొడుకే ఇప్పుడు, "ఇంకా ఎన్నాళ్ళైనా చెయ్యాలి దేవుడా" అని పైకే దణ్ణం పెట్టుకుంటున్నాడు. ప్రేమలు తగ్గిపోతున్నాయని ఎవరండీ అన్నది?

మా వీధిలో ఇది చూసి మిగతా ఇళ్ళూ మారాయి. పక్కింటాయన గోడౌనులో కాపలా చేస్తాడు. చూపు మందగించింది కాబట్టి కొడుకు ఆయన పక్కన కూర్చుని, "నాన్నా, అటు ఎవరో వస్తున్నారు, ఎవరని అడుగు" అంటాడు. ఆయన అడుగుతాడు. ఎదురింటి టీచరుగారికి చెవి మందం. ఆవిడ కూతురు క్లాసులో నిలబడి పిల్లల ప్రశ్నలు విని తల్లి చెవిలో అరుస్తుంది. ఇంజినీరుగారి అబ్బాయి పెద్ద చదువే చదివాడు. ఈ మధ్య నాన్నగారి సహాయకుడిగా చేరాడు, పెన్ను మూత తీసిస్తాడు. ఇంటింటా ఒక ఉద్యోగం, ఉద్యోగానికి ఇద్దరు మనుషులు. పనిచేసే చేతులు ఎక్కువున్నాయని దేశానికి దిగులెందుకు? రెండేసి చేతులు కలిపి ఒక్కో చక్రం మీద పెడితే సరిపోలేదూ?

అందుకే నేను గట్టిగా చెబుతున్నాను, వయసు పెంచండి. ఆగకుండా పెంచండి. కుర్రాళ్ళకి కొత్త పోస్టులు, కొత్త ఫ్యాక్టరీలు, కొత్త పనులు అంటూ శ్రమ పడకండి. అవన్నీ పెద్ద ఖర్చులు. మా తమ్ముడి మోకాళ్ళకి రోజుకో మాత్ర చాలు.

వాడొక్కడికే ఈ ఏర్పాటు కాస్త ఇరుగ్గా ఉన్నట్టుంది. మొన్న కోడలు షాపుకీ, కొడుకు ట్యాంకు మీదకీ వెళ్ళిన వేళ చూసి వంటింట్లోకొచ్చాడు.

"అక్కా, ఒక్క వేపుడు ముక్క పెట్టవే."

"నీ కోడలు నన్ను చంపుతుంది."

"పోనీ ఒక మాట చెప్పు. అసలు నేనెప్పుడు రిటైరవుతాను?"

"ఒరే, అలాంటి మాటలు నోటంట రానివ్వకు! కొత్తగా పెళ్ళైనవాళ్ళున్న ఇల్లు!"

వాడు పీట మీద కూర్చుని ఉప్పులేని చారు ఒక గ్లాసు తాగి డ్యూటీకి వెళ్ళాడు. వాలుకుర్చీ వాడికోసం ఎదురుచూస్తుంటుంది కదా.

పెళ్ళై ఏడాది దాటాక, ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి నేనే ఒకరోజు కోడలిపిల్లని కదిపాను. "ఏమే, ఎవరినీ తీసుకురారా ఇంట్లోకి? దేశంలో పిల్లలు తగ్గిపోతున్నారట. పేపర్లో రోజూ రాస్తున్నారు."

ఆ పిల్ల బీపీ మిషను పెట్టెలో సర్దుతోంది. చెయ్యి ఆపింది. నవ్వుతూనే చెప్పింది, అంత నవ్వుతూ చెప్పకపోయినా బావుండేది.

"నాకు మాత్రం ఆశ లేదా పెద్దమ్మా? ఈ ఇంట్లో ఉన్నది ఒక్క ఉద్యోగం. దాని మీద ఇప్పటికే తండ్రీ కొడుకూ ఇద్దరు నిలబడి ఉన్నారు. మూడోవాణ్ణి ఎక్కడ నిలబెట్టను?"

దీనికి జవాబు మీకెవరికైనా తోస్తే వచ్చి చెప్పండి. కాస్త మెల్లిగా చెప్పండి, మా తమ్ముడు వింటే బీపీ పెరుగుతుంది.